మిన్నెసోటాలో వాలై చేప పట్టడం: లైసెన్స్ నుంచి పులుసు దాకా

మిన్నెసోటా వచ్చిన మొదటి వేసవిలో ఎనిమిది శనివారాలు గాలం పట్టుకుని తిరిగాను. ఒక్క వాలై కూడా తగల్లేదు. పులిహోర కట్టుకుని, పిల్లల్ని తయారుచేసుకుని, సరస్సు దగ్గరికి చేరేసరికి పదకొండయ్యేది. ఎండ ఫెళ్లున కాసేది, నీళ్లు అద్దంలా కదలకుండా ఉండేవి, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చేవి. అచ్చంగా అలాంటి పూటే వాలై ఎర మొహం చూడదని తెలిసేసరికి సెప్టెంబరు వచ్చేసింది.

కారణం దాని కన్ను. రెటీనా వెనక మెరిసే పొర ఒకటి ఉంటుంది. హెడ్‌లైట్ల వెలుగులో పిల్లి కళ్లు మెరిసినట్టే, టార్చ్ వేస్తే దీని కళ్లూ మెరుస్తాయి. ఆ పొర వల్ల మసక వెలుతురులో, మురికి నీళ్లలో అది బాగా చూడగలదు. అది తినే పెర్చ్ లాంటి చిన్న చేపలకు అంత చూపు ఉండదు. అందుకే సూర్యోదయానికి ముందు గంట, అస్తమయం తర్వాత గంట, మబ్బు పట్టిన రోజు, గాలికి నీళ్లు అల్లకల్లోలంగా ఉన్న రోజు వేటకి దిగుతుంది. ఎండవేళ లోతుకి పోయి పడుకుంటుంది. మసక వెలుతురు, నేలకి దగ్గరగా ఎర, నెమ్మదిగా కదలిక: ఈ మూడూ కుదిరితే వందల డాలర్ల సామాను లేకపోయినా చేప పడుతుంది. కుదరకపోతే ఎంత సామాను ఉన్నా పడదు.

పేరు విని మన వాలుగ అనుకునేరు. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. వాలుగ మీసాల చేప. వాలై పెర్చ్ కుటుంబంలోది, ఉత్తర అమెరికాలో ఆ కుటుంబానికి అదే పెద్దన్న. ఒళ్లు ముదురు ఆకుపచ్చ, బంగారు రంగు కలిసినట్టుంటుంది, తోక కింది కొసన తెల్లటి మచ్చ ఉంటుంది. 1965 నుంచి మిన్నెసోటా రాష్ట్ర చేప ఇదే. మామూలుగా దొరికేవి 14 నుంచి 18 అంగుళాలు, ఒకటి రెండు పౌండ్లు. రాష్ట్ర రికార్డు మాత్రం 17 పౌండ్ల 8 ఔన్సులు, 1979లో సీగల్ నదిలో పడింది.

ముందు కాగితాలు

పదహారేళ్లు నిండిన వాళ్లకి లైసెన్స్ కావాలి. డీఎన్‌ఆర్ సైట్‌లోనో, ఎరలమ్మే కొట్లోనో, స్పోర్ట్స్ సామాన్ల షాపులోనో ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తారు. డీఎన్‌ఆర్ అంటే ఇక్కడి సహజ వనరుల శాఖ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి మీతో గాలం వేయాలనుకుంటే వాళ్లు బయటివాళ్ల లెక్కలోకి వస్తారు. వాళ్ల కోసం 24 గంటలకి, 72 గంటలకి, వారానికి విడిగా లైసెన్సులున్నాయి. మా నాన్న వచ్చినప్పుడు 72 గంటలది తీసుకున్నాం. "చెరువులో చేపకి కాగితమా!" అని ఆయన రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

వాలై సీజన్ మే నెల మధ్యలో ఒక శనివారం మొదలవుతుంది. దాన్ని ఇక్కడ 'ఓపెనర్' అంటారు, మనకి సంక్రాంతి ఎంతో వీళ్లకి అదంత. ఫిబ్రవరి చివరి ఆదివారంతో ముగుస్తుంది. ఓపెనర్ చాలాసార్లు మదర్స్ డే వారాంతంలోనే పడుతుంది. ఆ రెండు రోజులూ రాష్ట్రంలో నివాసం ఉన్న అమ్మలకి లైసెన్స్ అక్కర్లేదు. ఇంట్లో ఆవిడని ఒప్పించడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు.

ఎన్ని ఉంచుకోవచ్చన్న విషయంలో చాలామంది బోల్తా పడతారు. చాలా ఏళ్లుగా రాష్ట్రం మొత్తానికి మామూలు లెక్క మనిషికి ఆరు, వాటిలో 20 అంగుళాలు దాటింది ఒక్కటే ఉండాలి. కానీ పేరున్న సరస్సులకి విడిగా నియమాలుంటాయి. మిల్ లాక్స్ లాంటి చోట అవి ఏటా, ఒక్కోసారి సీజన్ మధ్యలో కూడా మారతాయి. ఫలానా కొలత నుంచి ఫలానా కొలత మధ్య చేపైతే తప్పకుండా వదిలేయాలి అన్న షరతులూ ఉంటాయి. బయల్దేరే ముందు ఆ సరస్సు పేరుతో ఆ ఏటి నియమాలు చూసుకోండి. ఒక కొలబద్ద దగ్గర పెట్టుకోండి. వేసవిలో దాదాపు అన్ని సరస్సుల్లోనూ మనిషికి ఒక్క గాలమే వేయాలి, రెండు వేస్తే ఫైన్. చలికాలం మంచు మీదైతే రెండు వేయొచ్చు.

ఎక్కడికి, ఎప్పుడు

డీఎన్‌ఆర్ సైట్‌లో లేక్‌ఫైండర్ అని ఒకటుంది. సరస్సు పేరు కొడితే లోతుల పటం, అక్కడ ఏయే చేపలున్నాయి, వాలై పిల్లల్ని ఏ ఏడాది వదిలారు, అన్నీ వస్తాయి. నేను బోటు మీద పెట్టిన డబ్బంతా ఒక ఎత్తు, ఈ ఉచితం సైట్ ఒక ఎత్తు. వాలై పిల్లల్ని ఈమధ్య ఏళ్లలో వదిలిన సరస్సు చూడండి. తర్వాత లోతుల పటంలో గీతలు దగ్గర దగ్గరగా ఉన్న చోట వేలు పెట్టండి. అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతోందని అర్థం. వాలై తిరిగే దారులు అలాంటి అంచులే: రాళ్ల గుట్ట చివర, నాచు ముగిసే గట్టు, నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల కొస.

వాలై ఏప్రిల్‌లో, నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు, వాగుల్లోనూ రాళ్ల ఒడ్డునా గుడ్లు పెడుతుంది. కాబట్టి ఓపెనర్ నాటికి ఇంకా ఆ చుట్టుపక్కలే, ఆరు నుంచి పన్నెండు అడుగుల లోతులో ఉంటుంది. వాగు సరస్సులో కలిసే చోటు పట్టుకోండి. జూన్‌లో నాచు అంచులకి చేరుతుంది. జూలై, ఆగస్టుల్లో పగలంతా పదిహేను, పాతిక అడుగుల లోతున ఉండి చీకటి పడుతుంటే పైకొస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు రాత్రుళ్లలో మళ్లీ ఒడ్డుకి వస్తుంది. బోటు లేనివాళ్లకి నా ఓటు ఈ అక్టోబరుకే. చలికి చేతులు కొంకర్లు పోతాయి కానీ పెద్ద చేపలు మోకాలి లోతు నీళ్లలోకి కూడా వస్తాయి.

గాలి సంగతి విడిగా చెప్పాలి. మనవాళ్లు గాలి లేని చోటు చూసుకుని, చెట్టు నీడన కుర్చీలేసుకుంటారు. దానికి ఎదుటి ఒడ్డుకి వెళ్లండి. గాలి రెండు మూడు గంటలుగా ఏ ఒడ్డుని కొడుతోందో అక్కడ అలలకి వెలుతురు విరిగిపోతుంది, నీళ్లు మసకబారతాయి, చిన్న చేపలు అటు కొట్టుకొస్తాయి, వాటి వెనకే వాలై వస్తుంది. ఇక్కడివాళ్లు ఆ అలల్ని 'వాలై చాప్' అంటారు. అయితే ఇది ఒడ్డున నిలబడే వాళ్లకి చెప్పే మాట. మిల్ లాక్స్ దాదాపు 530 చదరపు కిలోమీటర్ల సరస్సు, మహా లోతైన చోట 42 అడుగులే. అంత వెడల్పు, ఇంత తక్కువ లోతు కావడంతో గాలి లేస్తే అలలు నిమిషాల్లో నిటారుగా లేస్తాయి. చిన్న అల్యూమినియం బోటుతో ఆ పూట దిగొద్దు. కదిలే బోటులో పదేళ్ల లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి, పెద్దవాళ్లకి బుద్ధిప్రకారం తప్పనిసరి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి మిల్ లాక్స్‌లో 'లాంచ్' ట్రిప్పులు మంచివి. పెద్ద బోటు, పది పదిహేను మంది, డ్రైవరే చేపలున్న చోటికి తీసుకెళ్తాడు, ఎరలు వాళ్లే ఇస్తారు. సాయంత్రం ట్రిప్పు తీసుకోండి.

సామాను

ఆరున్నర, ఏడు అడుగుల స్పిన్నింగ్ రాడ్, 'మీడియం లైట్' అని రాసున్నది. దానికి 2500 సైజు రీల్. ఆరు లేదా ఎనిమిది పౌండ్ల మోనో లైన్, అంటే ఒంటిపోగు నైలాన్ దారం. లైన్ లావైతే చేపకి కనిపిస్తుంది, ఎర కదలికా చచ్చుబడుతుంది. రాడ్, రీల్ కలిపి అమ్మే సెట్టు చాలు, ఖరీదైనది రెండో ఏడాది ఆలోచించండి. ఇవి కాక గాలాలు, సీసం గుళ్లు, నీళ్ల మీద తేలే జారే బెండ్లు, సీసం తల ఉన్న జిగ్గులు నాలుగైదు, సూదిముక్కు పట్టకారు, చేతివల. ఈ చివరి రెండూ మర్చిపోయి వెళ్లినవాడు ఇంటికొచ్చి చేప పారిపోయిన కథ చెబుతాడు.

ఎరకి కాలం ఉంది. మేలో చిన్న చేపపిల్లలు, అంటే మిన్నోలు. నీళ్లు వేడెక్కాక జూన్ నుంచి జలగలు, వానపాములు. జలగ అనగానే మా ఆవిడ కారు దిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది. కానీ వేసవి వాలైకి జలగని మించిన ఎర నేను చూడలేదు. ఐసు పెట్టెలో చల్లగా ఉంచితే వారం పైన బతుకుతుంది, గాలం మీద గంటసేపు రిబ్బన్‌లా ఆడుతూనే ఉంటుంది.

మొదటి పద్ధతి: జారే బెండు

ఒడ్డు మీంచైనా, బోట్లోంచైనా కొత్తవాళ్లకి ఇదే సరైనది. మామూలు బెండు దారానికి ఒకచోట బిగించి ఉంటుంది, పన్నెండు అడుగుల లోతుకి ఎర దింపాలంటే పన్నెండు అడుగుల దారం వేలాడుతుంటే విసరలేం. జారే బెండు దారం మీద అటూ ఇటూ జారుతుంది, మనం కట్టిన ముడి దగ్గర ఆగుతుంది.

1. ముందు దారానికి ఆపుడు ముడి ఎక్కించండి. కొట్లో చిన్న గొట్టం మీద చుట్టి అమ్ముతారు. దారాన్ని గొట్టంలోంచి పోనిచ్చి, ముడిని దారం మీదికి లాగి, తడిచేసి బిగించండి.
2. ఆ వెనక చిన్న పూస, పూస వెనక బెండు. పూస లేకపోతే ముడి బెండు రంధ్రంలోంచి దూరిపోతుంది. నేను ఒక సాయంత్రమంతా పూస లేకుండా వేసి, ఎర నేల మీద పడుకుందని తెలియక బెండు వంక చూస్తూ కూర్చున్నాను.
3. చివర 6వ నంబరు గాలం కట్టి, దానికి అడుగున్నర పైన ఒకటో రెండో సీసం గుళ్లు నొక్కండి.
4. జలగకి వెడల్పుగా, గుండ్రంగా ఉన్న కొస దగ్గర గాలం గుచ్చండి. అది పట్టుకునే కొస. అక్కడ గుచ్చితే ఈదాలని చూస్తూనే ఉంటుంది.
5. ఇప్పుడు లోతు కొలవాలి. విసిరాక బెండు నిటారుగా నిలబడకుండా పక్కకి పడుకుని ఉంటే సీసం నేలకి ఆనిందన్నమాట. ముడిని కొంచెం కొంచెం గాలం వైపు జరుపుతూ మళ్లీ వేయండి. బెండు నిటారుగా నిలబడ్డాక ముడిని ఇంకో రెండున్నర అడుగులు అటే జరపండి, ఎర సీసానికి అడుగున్నర కింద వేలాడుతుంది కదా. ఎర నేలకి అడుగు ఎత్తులో ఉండాలి. ఈ పనికి పదిహేను నిమిషాలు పట్టినా సరే, తొందరపడొద్దు.

వాలై బెండుని గబుక్కున లాగదు. బెండు ముందు కాస్త వాలుతుంది. ఎవరో కింది నుంచి వేలితో నొక్కినట్టు మెల్లగా, వంకరగా నీళ్లలోకి దిగుతుంది. మా నాన్న వచ్చిన జూన్‌లో అలాగే దిగింది. నేను అదిరిపడి రాడ్ ఒక్క గుంజు గుంజాను. ఖాళీ గాలం గాల్లో తేలుతూ వచ్చింది, జలగ చీలిక ఒకటి దాని మీద. బకెట్ మీద కూర్చున్న నాన్న అటు చూడకుండానే అన్నారు: "ఒరేయ్, దాన్ని నోట్లో పెట్టుకోనీరా. చెరువులో కొర్రమీను కప్పని పట్టాక నేను బీడీ ముట్టించేవాణ్ణి. తొందరపడితే గాలం నీకు, ఎర దానికి."

రెండోసారి బెండు మునిగాక ఆగాను. మిగులు దారాన్ని మెల్లగా రీల్‌లోకి చుట్టాను. బరువు తెలిసింది. అప్పుడు రాడ్‌ని పక్కకి, పైకి ఊడ్చినట్టు లాగాను. రాడ్ చివర రెండుసార్లు తల ఊపింది, అంతే, పదహారు అంగుళాల చేప. నాన్న సలహా సగమే తీసుకోండి కానీ. బీడీ ముట్టించేంత సేపు ఆగితే గాలం కడుపులోకి పోతుంది, వదిలేయాల్సిన చేపైతే చచ్చిపోతుంది. బెండు మునిగాక ఐదు లెక్కపెడితే చాలు.

రెండో పద్ధతి: జిగ్

తలకి సీసం గుండు పోసిన గాలమే జిగ్. పది పన్నెండు అడుగుల దాకా ఔన్సులో ఎనిమిదో వంతు, అంతకు మించిన లోతుకి, గాలి ఉన్న రోజుకి పావు ఔన్సు. మిన్నోని నోట్లోంచి దూర్చి తల పైనుంచి గాలం బయటికి తీయండి. నీళ్లలోకి వదిలి దారం వదులయ్యే దాకా ఆగండి. వదులైతే నేల తాకినట్టే. ఇక రాడ్ కొసని జానెడు ఎత్తండి, మళ్లీ దించండి. దించేటప్పుడు దారం బిగువు తగ్గకూడదు. ఎందుకంటే వాలై జిగ్‌ని అందుకునేది అది కిందికి పడుతున్నప్పుడే. వదులు దారంలో ఆ సంగతి మీకు తెలియదు.

మరి ఎలా తెలుస్తుంది? ఒక్కోసారి 'టిక్' మని చేతికి తగులుతుంది. చాలాసార్లు అదీ ఉండదు, ఎత్తబోతే నీళ్లు పీల్చిన గుడ్డ తగులుకున్నట్టు మెత్తటి బరువు. నాచేమో అనుకుంటాం. అనుమానం వస్తే లాగండి, లాగితే పోయేదేమీ లేదు.

బోటు గాలికి మెల్లగా కొట్టుకుపోతుంటే లిండీ రిగ్ వేయొచ్చు. నేల మీద నడిచే సీసం, దాని వెనక మూడు నాలుగు అడుగుల దారం, చివర జలగ. బ్రెయినర్డ్‌లో స్థిరపడ్డ రాన్, ఆల్ లిండ్నర్ అన్నదమ్ములు దీన్ని ఊరూరా పాకించారు. ఇక అక్టోబరు రాత్రుళ్లకి ఎర కూడా అక్కర్లేదు. రపాలా లాంటి చేప ఆకారపు కట్టె ఎరని ఒడ్డు మీంచి విసిరి, విసుగొచ్చేంత నెమ్మదిగా చుట్టుకోండి.

వాలై రాకపోతే ఏం వస్తుంది

గాలానికి వచ్చేదంతా వాలై కాదు. దారం పుటుక్కున కోసుకుపోయిందంటే అది నార్తర్న్ పైక్, బాతు ముక్కు, నోటి నిండా పళ్లు. దాన్నే పట్టాలనుకుంటే గాలం ముందు స్టీలు తీగ కట్టాలి. తగలగానే నీళ్ల పైకి ఎగిరి తల విదిలించేది స్మాల్‌మౌత్ బాస్, పౌనుకి పౌను చూస్తే వాలై కన్నా అదే ఎక్కువ పోరాడుతుందని నా ఉద్దేశం. పిల్లలుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టండి. చిన్న గాలం, వానపాము ముక్క, మామూలు బెండు పట్టుకుని ఊళ్లో ఉన్న చిన్న సరస్సు రేవు మీద నిలబడితే అరచేతంత బ్లూగిల్స్ పట్టపగలు కూడా ఒకదాని వెనక ఒకటి పడతాయి. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి చీకట్లో రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టి వాలై కోసం చూడమంటే వాడు మళ్లీ మీతో రాడు. మావాడు రెండేళ్లు రాలేదు.

చేతికొచ్చాక

వాలైకి పళ్లున్నాయి, మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుంది, వీపు మీది రెక్కలో ముళ్లుంటాయి. చెయ్యి తడిచేసుకుని, వీపు రెక్కని వెనక్కి దువ్వుతూ పట్టుకోండి. వదిలేసే చేపని పొడి చేత్తో, టవల్‌తో పట్టొద్దు, ఒంటి మీది జిగురు పోతే రోగం పట్టి చస్తుంది. పాతిక, ముప్ఫై అడుగుల లోతు నుంచి గబగబా లాగిన చేప వదిలినా తరచూ బతకదు. కాబట్టి మీ వాటా అయిపోతే లోతులో పట్టడం ఆపేయండి.

బోటు నీళ్లలోంచి తీయగానే అడుగున ఉన్న ప్లగ్ ఊడదీసి నీళ్లన్నీ వదిలేయాలి. జీబ్రా మసెల్ అనే చిన్న ఆలిచిప్ప ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పాకకుండా పెట్టిన చట్టం ఇది. మిగిలిన జలగలు, మిన్నోలు సరస్సులో పారబోయకూడదు, చెత్తబుట్టలో వేయాలి. దాచుకోవాలంటే సరస్సు నీళ్లు మార్చి ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు పోయాలి.

చేపని అక్కడే ముక్కలు కోసి తెచ్చేటట్టయితే ప్రతి ముక్క మీదా అంగుళం మేర పొలుసులతో సహా చర్మం ఉంచాలి. దారిలో ఆఫీసరు ఆపితే ఏ చేపో తెలియాలి కదా. కొలత నియమాలున్న సరస్సుల నుంచైతే చేపని ముట్టుకోకుండా అలాగే తెచ్చుకోవడం మేలు.

వంట

పాతికేళ్లు చేపలు తిన్న మనకి వాలైతో మొదటి ఆశ్చర్యం ముళ్లు లేకపోవడం. పక్కటెముకలు కోసేసి, ముక్క మధ్యలో తల వైపు ఉన్న సన్నటి ముళ్ల వరసని వేలితో తడిమి, రెండు పక్కలా గాటు పెట్టి తీసేస్తే ఇక పిల్లలకి కళ్లు మూసుకుని పెట్టొచ్చు. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ చేరుతుంది కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు తక్కువసార్లు తినాలని, పెద్దవాటి జోలికి పోవద్దని రాష్ట్ర ఆరోగ్య శాఖ చెబుతుంది. తినడానికి 15, 16 అంగుళాలదే రుచి కూడా.

ఫ్రైకి: ముక్కల తడి పూర్తిగా అద్దేసి, ఉప్పు, కారం, పసుపు, కొంచెం అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచండి. అంతకు మించి నిమ్మరసంలో నానితే మాంసం పిండైపోతుంది. బియ్యప్పిండి పల్చగా అద్ది, బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు.

పులుసుకైతే ఒక హెచ్చరిక. కొర్రమీనులా ఇది గట్టి మాంసం కాదు, ఉడికితే రేకులు రేకులుగా విడిపోతుంది. ఉల్లిపాయ ముద్ద, చింతపండు, మెంతిపొడి అన్నీ వేసి పులుసు బాగా చిక్కబడ్డాకే ముక్కలు దింపండి. ఆరేడు నిమిషాలు చాలు. గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పండి. తల పారేయొద్దు. కంటికి కింద, దవడ వెనక, రూపాయి బిళ్లంత గుండ్రటి కండ ఒకటి ఉంటుంది, బుగ్గ మాంసం. చాకు కొసతో చుట్టూ గీసి వేలితో నొక్కితే ఊడొస్తుంది. చేపకి రెండే వస్తాయి. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ రెండూ ఆయన కంచంలోకే వెళ్లాయి.